నవ్వుకు విడిచిన చోటు

మా యింటి యెదుట, వీధికి ఆవలి ప్రక్కను, నగరపాలకసంస్థవారి ప్రాథమిక పాఠశాల యొకటి కలదు. సాయంకాలము బడి విడిచి, పిల్లల కేకలు గోదావరి గట్టుదాక సాగి అక్కడ సద్దుమణిగిన పిమ్మట, దీపాలు పెట్టు వేళకు ఆ బడిలోని చివరిగది తలుపులు మరల తెరచుకొనును. బెంచీలు జరపిన చప్పుడు, ఎవరో దగ్గిన చప్పుడు, టీ గ్లాసుల గలగల వినవచ్చును. ఆ వెనుక ఒక గొంతు, కొంచెము బొంగురుదైనను బలమైన గొంతు, "నేనెవరి మాటా విననండీ! మా ఆవిడ విననివ్వదు" అనును. అంతట నిశ్శబ్దము. ఆ నిశ్శబ్దములో మరియొక గొంతు, నాడి చూచు వైద్యునివలె నిదానముగా, "ఒకటి... రెండు... మూడు..." అని లెక్కించును. మూడు ముగిసిన తరువాతనే ఇంకొకడు "అయితే ఆ సంగతేదో ఆవిడతోనే మాట్లాడతాలెండి" అని అందుకొనును. పది దినములుగా, అరుగుమీద పడకకుర్చీలో చేరగిలబడి, నేనీ తంతు వినుచున్నాను. మొదట వ్యాయామమేమో యనుకొంటిని. పిదప ఏదో తాళమనుకొంటిని. మాటకును మాటకును నడుమ ఈ యంకె లెందులకు? ఒక మనిషి ఒక మాట యని, ఎవ్వరును ఏమియు పలుకకుండ మూడు లెక్కించువరకు అట్లే నిలిచియుండుట యేమి? ఈ సందేహము నన్నెంత పట్టుకొన్నదనగా, రాత్రి భోజనమువేళ మా కోడలు "ఇంకొంచెం పులుసు వేయనా మామయ్యగారూ" అని యడిగినప్పుడు, సమాధానము చెప్పుటకు ముందు నేను లోలోపల మూడు లెక్కపెట్టుకొంటిని.

పదునొకండవ నాడు ఉండబట్టలేక, చేతికఱ్ఱ పుచ్చుకొని వీధి దాటితిని. గోడలపై అక్షరమాల పటము, ఎక్కముల పట్టిక. వాని క్రింద మోకాలెత్తు బెంచీలమీద, తమ కాళ్లనెక్కడ పెట్టుకొనవలయునో తెలియక, పెద్దవారు కూర్చుండియున్నారు. అందులో ఒకడు ఆర్టీసీ కండక్టరు, యూనిఫారము విప్పకుండనే వచ్చినవాడు, ఒకడు దర్జీ, ఇద్దరు ఉపాధ్యాయులు, ఒకడు జీవితబీమా ఏజెంటు, వానిని చూడగానే వెనుదిరుగబోయితిని గాని, నాకు పాలసీ ఇచ్చు వయస్సు ఏనాడో దాటిపోయినదని జ్ఞప్తికి వచ్చి ధైర్యము తెచ్చుకొంటిని. పెద్దాసుపత్రిలో నర్సుగా పనిచేయు అమ్మాయి ఒక మూల కూర్చుండి పోర్షను చదువుకొనుచున్నది. అంకెలు లెక్కించు నాయన తపాలాశాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవాడు. నలుబదియేండ్లుగా ఈ నాటకసమాజమునకు దర్శకుడు, కార్యదర్శి, అవసరమైననాడు తెర లాగువాడును ఆయనయే. నా సందేహము చెప్పుకొంటిని. "నవ్వుకండి మాస్టారూ! ఆ మాటకి జనం నవ్వుతారండి. వాళ్లు నవ్వుతుండగానే ఇతను రెండో మాట అనేశాడనుకోండి, అది నవ్వులో కలిసిపోద్దండి. అందుకని ఇప్పట్నుంచే చోటు వదులుతున్నామండి, ఆయ్" అనెను. నేను, ముప్పదియేండ్లు పిల్లలను ప్రశ్నలడిగిన అలవాటుచేత, ఊరకుండలేక, "మరి జనం నవ్వకపోతే?" అంటిని. ఆయన నావంక చూచెను, కిటికీవంక చూచెను, తానును మూడు లెక్కపెట్టుకొనెను కాబోలు. "టీ తాగుతారాండి?" అనెను.

రాని నవ్వుకు చోటు విడుచుట! ఆ రాత్రి ఎంతసేపటికిని నిద్ర పట్టలేదు. మా చిన్నతనమున పెండ్లిండ్లలో బంతులు తీర్చునప్పుడు, పిలిచినవారిలో ఎవరు వచ్చినదియు ఎవరు రానిదియు తేలకమునుపే విస్తళ్లు పరచి నీళ్లు చల్లెడివారు. వచ్చినవాడు కూర్చుండును, రానివాని విస్తరి గాలికి లేచిపోవును, ఆ లేచిపోవు విస్తరిని చూచి పెండ్లిపెద్ద మొగము చిన్నబోవును. ఈ మూడంకెలును అట్టి విస్తళ్లే గదా. ఏడుపు నాటకమున కీ బెడద లేదు. ప్రేక్షకుడు ఏడ్చినను ఏడ్వకున్నను నటుడు తన మాట తాను చెప్పుకొని పోవచ్చును; చీకటిలో ఎవరి కన్ను చెమర్చినదో తెలియదు గనుక, చెమర్చినదనియే అనుకొని యింటికి పోవచ్చును. హాస్యనటునకు అట్టి భ్రమకు తావులేదు. వాని పరీక్షాఫలితము అక్కడికక్కడే, మాట నోరు దాటిన లిప్తలో, వందమంది యెదుట తేలిపోవును. ఇందుకు తలక్రిందులైన వ్యవహారము మా యింటి టీవీలో కొన్ని కార్యక్రమములయందు చూచుచుందును. మాట పూర్తికాకమునుపే, ఎప్పుడో ఎక్కడనో ఎవరో నవ్వగా పట్టి దాచియుంచిన నవ్వు మీద వచ్చి పడును. నా వంతు నవ్వు ఇంకొకరు నవ్వివేసినట్లును, నన్నెవరో ఎంగిలి విస్తరి ముందు కూర్చుండబెట్టినట్లును తోచును. ఇక ఏకాంతముగా నవ్వువారు వేరు. మొన్న కాకినాడ పోవు బస్సులో నా ప్రక్కనున్న కుర్రవాడు, చెవులలో ఏవో దూర్చుకొని, అరచేతిలోని ఫోను చూచుచు, ఉన్నట్లుండి పకపక నవ్వెను. నేనులికిపడి నా చొక్కా గుండీలు సరిచూచుకొంటిని.

చోటు విడుచుట యను ఈ విద్యను గూర్చి నాకు తెలియకపోలేదు; తెలిసి, తెలియనివానివలె ఏండ్ల తరబడి మరచితిని. మా యూరిలో సంక్రాంతి నాటకమునకు నేనొకసారి ప్రాంప్టరుగా నుంటిని. అప్పటికి నాకు పదునేడేండ్లు. ప్రక్కతెర చాటున పీటమీద కూర్చుండి, ఒకచేత లాంతరు, ఒకచేత ప్రతి పట్టుకొని, నటుల పెదవులను చూచుచు మాట అందించుట నా పని. వేదికమీద పెట్రోమాక్సు దీపాల ఉసురుమనెడి శబ్దము, దానిచుట్టు పురుగులు, అర్దళము పూసిన మొగములపై చెమట చారలు. ఆనాటి హాస్యపాత్ర ధరించినవాడు మా ఊరి పెద్దరైతు, నాకు వరుసకు పెదనాన్న. అక్షరము రాకున్నను, వినియే నాలుగు నాటకములు కంఠస్థము చేసినవాడు. ఆయన ఒక మాట విసరి, అట్లే నోరు కొంచెము తెరచి, నిలిచిపోయెను. మరచినాడు కాబోలునని నేను కంగారుపడి, తరువాతి మాటను గట్టిగా, పందిరి నాలుగుమూలలకు వినబడునట్లు అందించితిని. లేవబోయిన నవ్వు సగములోనే కూలిపోయినది. జనమునకు అదే మాట నా గొంతుతో ఒకసారి, ఆయన గొంతుతో ఒకసారి వినబడినది. తెర పడిన తరువాత ఆయన నన్ను తిట్టలేదు. మీసము ఊడదీసి చేతిలో పెట్టుకొని, "ఒరే అబ్బాయీ, ముద్ద మింగకముందే ఇంకో ముద్ద కుక్కితే పొలమారుద్దిరా" అని మాత్రమనెను. ఆ రాత్రి నేను మౌనమును మరపు అనుకొంటిని. ఆ పొరపాటు తరువాత తరగతి గదిలో ఎన్నిమార్లు చేసితినో! పిల్లవాడు ఆలోచించుచు ఆగినప్పుడు, రాదు కాబోలునని జవాబు నేనే చెప్పివేసిన దినములు లెక్కకు రావు.

సమాజమువారు ఈ యేడు కార్తికము మొదలు ఉగాదివరకు నాలుగు ప్రదర్శన లిచ్చుటకు, నాలుగును హాస్యములే ఇచ్చుటకు తీర్మానించుకొన్నారు. ఆ కండక్టరు స్వయముగా వ్రాసిన క్రొత్త నాటిక మొదటిది. పిమ్మట వీరేశలింగముగారి ప్రహసన మొకటి. భమిడిపాటి కామేశ్వరరావుగారి "బాగు బాగు". చివరకు, రెండు గంటలకు కుదించిన "కన్యాశుల్కము". గతసంవత్సరము వీరాడిన నాటకమొకటి ఎక్కడనో పరిషత్తులో బహుమతి కొట్టివచ్చినది; అందులో మూడు చావులు, ఒక పిచ్చి. అదే నాటకమును సొంత ఊరిలో ఆడగా మైకువానితో కలిపి ముప్పదిమంది వచ్చిరి. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టిన తరువాత ఊరూర పరిషత్తులు వెలసి, మన రంగస్థలమునకు చేసిన మేలు చిన్నది కాదు; అయినను పోటీకి దిగినవానికి కన్నీరే గట్టి సరుకుగా కనబడుట యేలనో! న్యాయనిర్ణేతలు ముగ్గురు వరుసగా కూర్చుండి, చేతిలో కాగితము, కాగితముమీద మార్కుల గడులు పెట్టుకొన్నచోట నవ్వుట కష్టమే. హాస్యమే యెందుకని యడుగగా దర్శకుడు చెప్పిన కారణములు రెండు. "ఏడిపించడానికి ఇంటింటికీ టీవీ ఉందండి" అన్నది మొదటిది. రెండవది అణా పైసల లెక్క. పద్యనాటకమునకు కిరీటములు, గదలు, హార్మోనియము, అది వాయించువాని రాకపోకలు. హాస్యమునకు రెండు కుర్చీలు, ఒక బల్ల, మూయుటకును తెరచుటకును వీలైన ఒక తలుపు. హాలు అద్దె, మైకు, మేకప్పు, స్త్రీపాత్రధారిణి పారితోషికము పోగా, తక్కిన నటులకు టీయే సంభావన.

నాకు మాత్రము ఈ తీర్మానములో మరియొక న్యాయము కనబడుచున్నది. మన ఆధునిక రంగస్థలము నవ్వుతోనే కన్ను తెరచినది. 1880లో ఈ రాజమహేంద్రవరముననే కందుకూరి వీరేశలింగముగారు విద్యార్థులచేత ఆడించిన "వ్యవహార ధర్మబోధిని"ని జనము ప్లీడర్ల నాటకమనిరి. న్యాయస్థానములచుట్టు పెరిగిన లంచములను, కూటసాక్ష్యములను, వకీళ్ల వాక్చాతుర్యమును అందు ఎండగట్టిరి. షేక్స్పియరు వ్రాసిన కవలల తికమకల నాటకమును అనుసరించి ఆయనయే "చమత్కార రత్నావళి" రచించిరి. ఏ ఊరి కచేరీలో మధ్యాహ్నము ఫీజు పుచ్చుకొన్నారో ఆ ఊరి వకీళ్లు సాయంకాలము తమ్ము తాము వేదికపై చూచుకొన్నప్పుడు ఎట్లుండెనో! వారు నవ్విరా, నవ్వినట్లు నటించిరా, నవ్వని వానిని జనము గుర్తుపట్టుదురని భయపడి అందరికంటె ముందుగా నవ్విరా? పిమ్మట బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు "విషాద సారంగధర"తో మనకు దుఃఖాంతమును రుచి చూపిరి, పద్యము రాజ్యమేలినది, వన్సుమోరులు మ్రోగినవి. హాస్యము వంటయింటి ద్వారమున వచ్చి వడ్డించిపోవు మనిషియైనది.

అంతకు పూర్వము మాత్రము దానికి పెద్దపీటయే. తోలుబొమ్మలాటలో రాముడెంతటివాడైనను కేతిగాడు వచ్చినప్పుడు ప్రక్కకు తొలగి తెరచాటున నిరీక్షింపవలసినదే. కథతో వానికి పనిలేదు; లంకలో యుద్ధము జరుగుచుండగా బంగారక్కతో వచ్చి ఊరి కరణముమీద ఒక మాట, ఆ రాత్రి వంటమీద ఒక మాట యని పోవును. వాని మాటలలో కొన్ని పిల్లలు వినదగినవి కావు. కావుననే మా యమ్మ నన్ను ఒడిలో పండుకొనబెట్టి చెవులమీద కొంగు కప్పెడిది. నేను నిజముగనే నిద్రించితిని. నన్ను మేలుకొలిపినది కేతిగాడు కాడు. వాని మాట నేను వినలేదు. చాపలమీద కూర్చున్న ఊరంతయు ఒక్కసారిగా నవ్వగా, ఆ నవ్వు మా యమ్మ పొట్టలో పుట్టి నా తలను కదల్చగా, కన్ను తెరచి, ఎందులకో తెలియకుండనే నేనును నవ్వితిని. ఏడు దశాబ్దములైనది, ఆ మాట యేమో నాకు నేటికిని తెలియదు. నవ్వు మాత్రము జ్ఞాపకమున్నది.

భరతుడు నాట్యశాస్త్రమున నవ్వునకు ఆరు మెట్లు కట్టెను: స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము. మొదటి రెండును ఉత్తములకు, నడిమి రెండును మధ్యములకు, చివరి రెండును అధములకు పంచిపెట్టెను. ఉత్తముడు దంతములు కనబడనీయక చిరునవ్వు నవ్వవలెను. అధముడు డొక్కలు పట్టుకొని కన్నీరు కార్చవచ్చును. ఈ పంపకము చదివినప్పుడెల్ల నాకు మా పాత ప్రధానోపాధ్యాయులు జ్ఞప్తికి వత్తురు. ఆయన ఏ నాటకమునకు వచ్చినను ముందువరుసలో, ఉత్తరీయము మడత చెడకుండ, స్మితముతో కూర్చుండెడివారు. మొదటి రంగమున స్మితము, రెండవ రంగమున హసితము. మూడవ రంగమునకు వారి ఉత్తరీయము కన్నులమీదికి పోయెడిది, భుజములు ఎగసిపడెడివి; వారి వెనుక కూర్చున్న బంట్రోతు, తన దొరగారు తనవలెనే నవ్వుచున్నారని చూచి, మరింత నవ్వెడివాడు. భరతుడంతటివాడు కట్టిన మెట్లమీదినుండి మా ప్రధానోపాధ్యాయులు ప్రతి యేట ఒక రాత్రి జారిపడుచుండిరి. ఇంకొక సంగతి చెప్పి తప్పొప్పుకొందును. నేనీ వ్యాసమును గ్రాంథికమున వ్రాయుచున్నాను. కాని గ్రాంథికమున నవ్వినవాని నొక్కని నేనెరుగను. సంస్కృతనాటకములో విదూషకుడు బ్రాహ్మణుడై యుండియు ప్రాకృతమే పలుకును. గ్రాంథికమునకు కోటగోడవంటి వేదము వేంకటరాయశాస్త్రిగారే "ప్రతాపరుద్రీయము"న చాకలి పేరిగానిచేత వాని యింటి మాటలే పలికించిరి. వానిచేత "వచ్చుచున్నాడను" అనిపించియున్నచో, వాడు ఢిల్లీదాక పోయినను ఒక్కడును నవ్వియుండడు.

నవ్వు తేలికపాటి వస్తువని అనువారికి నేను "కన్యాశుల్కము"ను చూపుదును. 1892లో విజయనగరమున తొలిసారి ఆడిన ఆ నాటకమును 1897లో అచ్చువేయించుచు గురజాడవారు ఆంగ్లమున ఒక పీఠిక వ్రాసిరి. మహారాజావారి ఆజ్ఞచేత విశాఖమండలమున మూడేండ్లలో జరిగిన శుల్కవివాహములకు పట్టిక తీయగా, దొరికినవి 1,034. వధువులలో ఐదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఇట్టి పట్టిక ముందుపెట్టుకొన్న రచయిత ఏమి వ్రాయవలెను? ఎవరైనను కన్నీటినాటకమే వ్రాయుదురు. ఆయన మంచముక్రింద రామప్పంతులును గిరీశమును ఇరికించి, ఒకని పాలిటి పూటకూళ్లమ్మ చీపురు దెబ్బ ఇంకొకని వీపుమీద వేయించిరి. జనము నవ్విరి, నూరేండ్లు దాటినను నవ్వుచున్నారు. ఆ నవ్వు తెరపి యిచ్చినప్పుడు, ముద్ద మింగిన తరువాతి ఆ చిన్న యెడములో, ఏడాది పిల్ల యొకతె కంటికి కనబడును. పట్టికను చదివి ఎందరు మారిరో చెప్పలేను గాని, లుబ్ధావధానులను చూచి నవ్వినవాడు, తెల్లవారి అద్దములో తనకు తాను లుబ్ధావధానులుగా కనబడుటకు ఇష్టపడడు. కుదించునప్పుడు ఏ రంగములు తీసివేయవలెనని సమాజమున మూడు రాత్రులు తగవులాడుకొనిరి. మొత్తమాడవలెనన్నచో రాత్రి తెల్లవారును; చీపురు రంగమును మాత్రము ఎవ్వరును ముట్టలేదు.

ఇంతవరకు వ్రాసి కలము క్రిందపెట్టితిని. ఏలయనగా ఒక శంక తలయెత్తినది. ఆ మూడంకెల ఎడమును వమ్ము పోనీయక ఎట్లైనను నింపితీరవలయునన్న ఆత్రము నటునకు పుట్టినప్పుడు ఏమగును? కాళ్లకూరి నారాయణరావుగారి "చింతామణి" అట్టి ఆత్రమునకు బలియైన నాటకమని నా నమ్మకము. వేశ్యావ్యసనమును ఖండించుటకు పుట్టిన ఆ నాటకము, పల్లెపల్లెన రాత్రులతరబడి ఆడగా ఆడగా, సుబ్బిసెట్టి పాత్ర చుట్టు పుట్ట పెరిగినట్లు పెరిగినది. మాట పేలనిచోట నటుడొక బూతు చేర్చెను. అది పేలగా మరునాడు రెండు చేర్చెను. వానిని చూచి ప్రక్క జిల్లావాడు నాలుగు చేర్చెను. కాళ్లకూరివారి పుస్తకములోని సుబ్బిసెట్టియు, వేదికమీది సుబ్బిసెట్టియు ఎదురుపడిన ఒకరినొకరు గుర్తుపట్టుదురో లేదో! తమ కులమును ఇట్లు నగుబాటు చేయుచున్నారని ఆర్యవైశ్యులు పలుమార్లు మొరపెట్టుకొనగా, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ నాటకప్రదర్శనను నిషేధించినది. నిషేధము మందు కాదని నేనెరుగుదును. కాని నాటకమంతయు తనను చూచి నవ్వుచుండగా తన పిల్లలతో కూడ జనము నడుమ కూర్చుండవలసివచ్చిన వర్తకుని స్థానమున నేనుండలేదనియు ఎరుగుదును. నత్తివాడు, చెవిటివాడు, పనివాడు, పెండ్లాము: మన హాస్యమునకు అలవాటుపడిన వీపులు ఇవి. ఈ వీపులు తీసివేసిన మిగులునది యెంత? కండక్టరు వ్రాసిన ఆ మాటయు ఆవిడ వీపుమీదనే గదా పడినది?

ఈ శంకతోనే మరల వీధి దాటి పోయి, రెండు వారములు ఆ బడిగది మూలనే కూర్చుంటిని. నాటికను మొదటిసారి చదివిననాడు అందరును టీ ఒలికిపోవునట్లు నవ్విరట. నాలుగవనాడు చిరునవ్వు. పదవనాటికి, గోడమీది ఎక్కముల పట్టికకును చేతిలోని పోర్షనుకును భేదము లేకపోయెను. ఒక మాట నవ్వు పుట్టించునని తెలిసినవారే అక్కడ అందరును. నవ్వగలిగినవాడు ఒక్కడును లేడు. ఆ మాటలో ఇంకను ప్రాణమున్నదో లేదో తేల్చుకొను మార్గము వారికి లేదు. మొదటినాటి టీమరకలే వారికి సాక్ష్యము. ఏ విశ్వాసముతో వీరు రోజును డ్యూటీ దిగి, అన్నము తినకుండ వచ్చి, ఈ చల్లారిన మాటలను వల్లించుచున్నారు? భమిడిపాటివారు తెలుగింటి అరుగుమీదికి దించిన ఫ్రెంచి నాటకకర్త మోలియేరు, 1673 ఫిబ్రవరి 17న, తాను వ్రాసిన రోగభ్రముని నాటకమును నాలుగవసారి ఆడుచు వేదికమీదనే నలతపడి, ఎట్లో చివరిదాక ఆడి, కొద్ది గంటలలో ఇంటిలో మరణించెను. రోగము లేకయే రోగినని భ్రమించువాని పాత్ర; ధరించినవాడు నిజమైన రోగి. ఆ సాయంకాలము ఆయన దగ్గినప్పుడు జనము నవ్వియేయుందురు. ఆయనయు ఆ దగ్గునకును నవ్వునకును చోటు విడిచియేయుండును. ఇట్టివారిని చూచి, హాస్యము ఉల్లాసముగల వారి పనియని యెట్లు చెప్పగలను?

ఆ రెండు వారములలో ఒకనాటి రిహార్సలులో, కండక్టరు తన మాట అనబోవుచుండగా, నర్సు అమ్మాయి చేయెత్తి ఆపినది. "ఎప్పుడూ జోకు ఆవిడ మీదేనా అండి? ఆవిడ అక్కడే కూచుని ఉంటుంది కదా. అంతా వింటుంది కదా" అని దర్శకుని అడిగినది. గదిలో ఎవ్వరును ఏమియు అనలేదు. దర్శకుడు తల గోకికొని, "నీకూ ఒక డైలాగు రాయించమంటావా అమ్మా?" అనెను. ఆమె కొంచెమాలోచించి, "వద్దండి. ఆ మూడూ నాకు వదిలెయ్యండి" అన్నది. ఏమి చేయబోవునో ఎవ్వరికిని చెప్పలేదు. మరునాడు నాకు కొంచెము జలుబు చేయగా వీధి దాటక అరుగుమీదనే యుంటిని. కిటికీ తెరచియున్నది గనుక గది కనబడుచున్నది. ఆమె ఒడిలో చేట, చేటలో బియ్యము, ప్రక్కన స్టీలు గిన్నె. కండక్టరు, "నేనెవరి మాటా విననండీ! మా ఆవిడ విననివ్వదు" అనెను. ఒకటి: ఆమె తలయెత్తలేదు, బియ్యము ఏరుచునే యున్నది. రెండు: ఒక రాతిని రెండువ్రేళ్లతో తీసి, దీపమునకు ఎదురుగా పట్టి, నిదానముగా చూచినది. మూడు: ఆ రాతిని చూచిన కన్నులతోనే మగనిని ఒకసారి చూచి, మరల రాతిని చూచి, గిన్నెలో వేసినది. ఠంగుమన్నది. ముప్పదియేండ్లు తరగతిలో స్మితము దాటని నేను, వీధికి ఈవలనుండి, పడకకుర్చీ కదలిపోవునట్లు నవ్వితిని. అది భరతుని లెక్కలో అపహసితమో అతిహసితమో నేను చెప్పజాలను. మా కోడలు మాత్రము లోపలినుండి మంచినీళ్ల గ్లాసుతో పరుగెత్తివచ్చినది. ఎదుటిగదిలో కండక్టరు ప్రక్కవాడు తన మాట అందుకొనక నిలిచిపోయెను. దర్శకుడు కిటికీయొద్దకు వచ్చి, చువ్వలు పట్టుకొని, మా అరుగువైపు చాలసేపు చూచెను.

నాటినుండి ఆయన అక్కడ నాలుగు లెక్కించుచున్నాడు. మొదటి ప్రదర్శన కార్తికమాసపు రెండవ శనివారమునాడు. కరపత్రములో ఏడు గంటలకని అచ్చువేసినారు. ఎనిమిదికి గాని తెర లేవదు, అయినను ఏడింటికే రండు. టిక్కెట్టు లేదు. ముందువరుస కుర్చీలు పెద్దలకని విడిచిపెట్టి వెనుకగోడ కానుకొని నిలువకుడు. పెద్దలెవరును రారు.